బిల్లీ హామిల్టన్‌ని రెడ్స్ ఎప్పుడో ట్రేడ్ చేసేయాల్సింది

ఇక్కడి బేస్‌బాల్ టీం సిన్సినాటి రెడ్స్ ఫ్యాన్స్‌తో ఎప్పుడు కూర్చున్నా ఏదో ఒక టైంలో బిల్లీ హామిల్టన్ టాపిక్ వచ్చి తీరుతుంది, అతను ఈ టీం నుంచి పోయి ఇన్నేళ్ళయినా సరే. "అబ్బా ఏం పరుగు అది" అని ఒకళ్ళు మొదలెడతారు, "పరుగు సరే, బ్యాటింగ్ ఏదీ" అని ఇంకొకళ్ళు అందుకుంటారు, ఇక అది తెగదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు, ఇక్కడే పుట్టి పెరిగినాయన, హామిల్టన్‌ని రెడ్స్ వదులుకోవడం అన్యాయం అంటాడు. నేనేమో వదులుకోవడం తప్పు కాదండీ, అంతకు రెండేళ్ళ ముందే అతన్ని వేరే టీంకి ఇచ్చేసి బదులుగా ఏదో ఒకటి తెచ్చుకోకపోవడం తప్పు అంటాను. లంచ్ టేబుల్ మీద తేలే గొడవ కాదిది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

బేస్‌బాల్ తెలీని మనవాళ్ళ కోసం ముందు రెండు ముక్కలు. బ్యాటర్ బంతి కొట్టి ఫస్ట్ బేస్‌కి చేరాలి, అక్కణ్ణుంచి సెకండ్, థర్డ్, ఆ తర్వాత మళ్ళీ హోమ్, అప్పుడే ఒక రన్. బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. పిచర్ అవతలి బ్యాటర్‌కి బంతి వేసే లోపల ఫస్ట్ బేస్ మీదున్నవాడు సెకండ్‌కి పరిగెత్తేస్తే దాన్ని స్టీల్ అంటారు, దొంగతనమే, పేరుకి తగ్గట్టే ఉంటుంది చూడ్డానికి. ఇంకోటి, 9 ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కి 3 అవుట్లు, అంటే ఒక టీం చేతిలో ఉండేవి మొత్తం 27 అవుట్లు. ఓవర్ల లెక్క లేదు, టైం లెక్క లేదు, అవుట్లే లెక్క. ఇదొక్కటి గుర్తుంచుకుంటే మిగతాదంతా అర్థమైపోతుంది. ట్రేడ్ అంటే మన ఐపీఎల్‌లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి వెళ్ళాడు చూడండి 2023 నవంబర్లో, అలాంటిదే, కాకపోతే ఇక్కడ సీజన్ మధ్యలో కూడా జరుగుతుంది, ఎక్కువమంది ప్లేయర్లని ఇష్టమా అని అడగరు కూడా, పొద్దున్న ఒక ఊళ్ళో రాత్రి ఇంకో ఊళ్ళో.

సరే హామిల్టన్. మిసిసిపీలో చిన్న ఊరి కుర్రాడు, 2009 డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్ళని టీంలు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) రెండో రౌండ్లో రెడ్స్ తీసుకున్నారు. 2012లో మైనర్ లీగ్స్‌లో, అంటే పెద్ద లీగ్‌కి కింది మెట్లలో, రెండు టీంల తరఫున ఆడి ఒక్క సీజన్లో 155 స్టీల్స్ చేశాడు. 1983లో విన్స్ కోల్‌మన్ చేసిన 145 అప్పటిదాకా రికార్డు, దాన్ని దాటేశాడు. (తమాషా ఏంటంటే 1890ల్లో కూడా ఒక బిల్లీ హామిల్టన్ ఉండేవాడు, అతనూ స్టీల్స్‌కే ఫేమస్, 900 పైన చేసి హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, కానీ ఆ పాత హామిల్టన్ బ్యాటింగ్ కూడా ఇరగదీసేవాడు, అదీ తేడా.)

2013 సెప్టెంబర్ 3న మన హామిల్టన్ మొదటిసారి పెద్ద లీగ్‌లో గ్రౌండ్‌లోకి దిగాడు. బ్యాట్ పట్టుకుని కాదు, వేరేవాడి బదులు పరిగెత్తడానికి. ఎదురుగా సెయింట్ లూయిస్ కార్డినల్స్, క్యాచర్ యాడియర్ మొలీనా (క్యాచర్ అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు, స్టీల్ చేసేవాణ్ణి ఆపడానికి బంతి విసిరేది అతనే), ఆ రోజుల్లో మొలీనా మీద స్టీల్ చేయడమంటే పెద్ద పెద్ద రన్నర్లే వెనకాడేవాళ్ళు. స్టేడియంలో అందరికీ తెలుసు ఇతను పరిగెడతాడని, మొలీనాకీ తెలుసు, అయినా పరిగెత్తాడు, సేఫ్, తర్వాత హిట్‌కి హోమ్‌కి వచ్చేశాడు, ఆ మ్యాచ్ రెడ్స్ గెలిచింది 1-0తో. ఆ ఒక్క రన్ ఇతనిదే. ఇలాంటి ఎంట్రీ ఇచ్చినవాణ్ణి ఊరు ఎలా వదులుకుంటుంది చెప్పండి. పెద్దాయన బాధ నాకు అర్థం కాక కాదు.

కానీ తర్వాత నాలుగేళ్ళ నంబర్లు చూడండి. స్టీల్స్ 2014లో 56, 2015లో 57, 2016లో 58, 2017లో 59. ఎవరో స్కేలు పెట్టి గీసినట్టు ఏడాదికొకటి పెరిగింది. బ్యాటింగ్ దగ్గరికొస్తే, ఆన్‌బేస్ పర్సెంటేజ్ అని ఒకటుంటుంది, అంటే బ్యాట్ పట్టుకుని నిలబడిన ప్రతిసారీ అవుట్ కాకుండా ఎంత శాతం బేస్ మీదకి చేరాడు అని. నన్నడిగితే బ్యాటర్ గురించి ఒక్క నంబరే చూడాలంటే ఇదే చూడాలి. ఇతనిది 2014లో .292 (అంటే 29.2 శాతం), 2015లో .274, 2016లో .321, 2017లో .299. లీగ్ సగటు 2017లో .324. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ లెవెల్ దాటలేదు, గుడ్డిలో మెల్ల 2016, దాని గురించి మళ్ళీ చెప్తా.

ఇప్పుడు కొంచెం లెక్క వేద్దాం, బోర్ కొడితే ఈ పేరా దాటేయండి. లెక్కలు కట్టేవాళ్ళు ఒక స్టీల్ విలువ సుమారు 0.2 రన్ అని, స్టీల్ చేయబోయి దొరికిపోతే నష్టం సుమారు 0.4 రన్ అని వేస్తారు, ఎందుకంటే దొరికితే రన్నరూ పోయాడు, 27లో ఒక అవుటూ పోయింది. 2017లో హామిల్టన్ 59 సార్లు సేఫ్, 13 సార్లు దొరికాడు. 59కి దగ్గర దగ్గర 12 రన్లు వచ్చాయి, 13కి 5 పైన పోయాయి, మిగిలింది ఆరున్నర. సీజన్ మొత్తానికి! పదిరన్లకి ఒక గెలుపు అని మామూలుగా చెప్పుకునే లెక్క, అంటే టీవీలో మనం నోరెళ్ళబెట్టి చూసిన ఆ 59 దొంగతనాలూ కలిపి ఒక మ్యాచ్ కూడా పూర్తిగా గెలిపించలేదన్నమాట. ఇంకోవైపు ఆ ఏడాది అతను బ్యాటింగ్‌కి 600 పైన సార్లు వచ్చాడు, సగటు ఆటగాడి కన్నా .025 తక్కువ, అంటే 15 సార్లు ఎక్కువగా ఊరికే అవుటయ్యాడు. బేస్ మీదకి రావడానికీ అవుటవడానికీ తేడా అర రన్ పైనే ఉంటుంది, అంటే ఎనిమిది రన్లు ఇక్కడే హాంఫట్. స్టీల్స్‌తో సంపాదించింది మొత్తం ఇక్కడే ఖర్చయిపోయింది, పవర్ లేకపోవడం సంగతి అసలు మనం ఎత్తనే లేదు. ఏడాదంతా కలిపి 4 హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి), ఎంత గట్టిగా కొడతాడో చెప్పే స్లగ్గింగ్ అనే నంబర్ .335, లీగ్ ఏమో .426.

పవర్ లేకపోతే ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. "కొట్టలేకపోతే పోనీ, ఓపిగ్గా నిలబడి వాక్ తీసుకోవచ్చుగా, నాలుగు చెడ్డ బంతులు వదిలేస్తే ఫ్రీగా ఫస్ట్ బేస్, ఆ తర్వాత ఎలాగూ స్టీల్ చేస్తాడు" అంటారు. వినడానికి బానే ఉంటుంది. కానీ పిచర్ చెడ్డ బంతి వేసేది ఎప్పుడు, మంచి బంతి వేస్తే బ్యాటర్ స్టాండ్స్‌లోకి కొడతాడని భయం ఉన్నప్పుడు. హామిల్టన్‌కి నడి మధ్యలో వేసినా పోయేదేముంది, మహా అయితే సింగిల్, అంటే ఒక్క బేస్. పైగా వాక్ ఇస్తే సెకండ్ బేస్ కూడా రాసిచ్చినట్టే అని ప్రతి పిచర్‌కీ తెలుసు, అందుకే ఇంకా గట్టిగా స్ట్రైక్స్, అంటే మంచి బంతులే వేస్తారు. అంటే అతని పరుగే అతనికి వాక్స్ రానివ్వలేదు ఒక రకంగా. బంట్ చేద్దామంటే, అంటే బంతిని మెల్లగా దగ్గర్లోనే తట్టి పరిగెడదామంటే, ఫీల్డర్లు ముందే ముందుకొచ్చి నిలబడేవాళ్ళు, అవుట్‌ఫీల్డర్లు కూడా దగ్గరికి జరిగేవాళ్ళు.

దీనికి పూర్తి రివర్స్ అదే టీంలో ఉన్నాడు, జోయీ వాటో. 2017లో అతని ఆన్‌బేస్ .454, నేషనల్ లీగ్‌లో (పెద్ద లీగ్‌లోని రెండు సగాల్లో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) టాప్, వాక్స్ 134, హోమ్ రన్లు 36. (ఆ ఏడాదే తన టీంలోనే ఆడే జాక్ కోజార్ట్‌కి "నువ్వు ఆల్‌స్టార్ టీంలోకి వెళ్తే నీకు గాడిదని కొనిపెడతా" అని మాటిచ్చి నిజంగానే కొనిపెట్టాడు, వాటో అలాంటి మనిషి.) ఇలాంటి బ్యాటర్ టీంలో ఉంటే అతని ముందు ఎవరైనా బేస్ మీద ఉండాలి కదా, అదేగా లైనప్ వేసేవాడి మొదటి పని. రెడ్స్ ఏం చేశారంటే పది సార్లలో ఏడు సార్లు అవుటయ్యే మనిషిని మొదటి స్థానంలో పంపారు, ఎందుకంటే ఫాస్ట్‌గా పరిగెత్తేవాడు ఓపెనింగ్ రావాలని ఎప్పటి నుంచో ఒక అలవాటు ఉండిపోయింది. జాంటీ రోడ్స్ లాంటి ఫీల్డర్‌వి, సింగిల్స్ బాగా తీస్తావు కాబట్టి యావరేజ్ 18 ఉన్నా ఓపెనింగ్ నువ్వే వెళ్ళు అన్నట్టు.

ఫీల్డింగ్ అన్నాను కాబట్టి, ఏ మాటకామాట, అక్కడ హామిల్టన్ బంగారం. సెంటర్ ఫీల్డ్‌లో, అంటే గ్రౌండ్ చివర నడి మధ్యలో, అతను పట్టిన క్యాచులు వేరేవాళ్ళకి అందేవి కూడా కావు, సెకనుకి 30 అడుగులు పరిగెత్తేవాడు, లీగ్ మొత్తంలో ఆ స్పీడ్ ఉన్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గోల్డ్ గ్లవ్ అవార్డు మాత్రం ఒక్కసారీ రాలేదు, 2016, 17, 18 వరసగా అట్లాంటా వాడు ఎండర్ ఇన్సియార్టే ఎగరేసుకుపోయాడు. అతను అన్నేళ్ళు టీంలో ఉన్నాడంటే ఈ ఫీల్డింగ్ వల్లే, స్టీల్స్ వల్ల కాదు. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది, సిన్సినాటి గ్రేట్ అమెరికన్ బాల్ పార్క్ చిన్న గ్రౌండ్, హోమ్ రన్లకి స్వర్గం. బంతి స్టాండ్స్‌లో పడుతుంటే సెంటర్ ఫీల్డర్ ఎంత పరిగెత్తి ఏం లాభం? ఇతని లాంటివాడి విలువ పూర్తిగా తెలియాలంటే శాన్ ఫ్రాన్సిస్కో లాంటి పెద్ద గ్రౌండ్ కావాలి, రైట్ సెంటర్‌లో ట్రిపుల్స్ ఆలీ అని ఎకరాల కొద్దీ ఖాళీ ఉండేది అక్కడ.

నా అసలు పాయింట్ ఇదే. పరిగెత్తడం తప్ప పెద్దగా ఏం లేని ప్లేయర్ చెత్త ప్లేయర్ అని నేను అనట్లేదు, అతని విలువ టీంని బట్టి మారిపోతుంది అంటున్నా. గెలిచే టీంకి అక్టోబర్లో, నాకౌట్ సిరీస్‌ల టైంలో, ఒక్క రన్ తేడాతో నడిచే మ్యాచుల్లో ఇలాంటివాడు వజ్రం. 2004లో బోస్టన్ రెడ్ సాక్స్ జూలై 31న డేవ్ రాబర్ట్స్‌ని డాడ్జర్స్ నుంచి తెచ్చుకుంది, దాదాపు పరుగు కోసమే. అక్టోబర్లో యాంకీస్ మీద సిరీస్‌లో 0-3 వెనకబడి, నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక రన్ వెనకుండి, ఎదురుగా యాంకీస్ మేటి పిచర్ మరియానో రివేరా ఉండగా, రాబర్ట్స్‌ని రన్నర్‌గా పంపారు, సెకండ్ బేస్ స్టీల్ చేశాడు, తర్వాతి సింగిల్‌కి స్కోర్ సమం. ఆ మ్యాచ్ గెలిచారు, ఆ సిరీస్ గెలిచారు, 1918 తర్వాత మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్, కూడా గెలిచారు. బోస్టన్‌లో ఇప్పటికీ ఆ స్టీల్ గురించి దేవుడి లీల లాగా చెప్పుకుంటారు. మరి ఆ రాబర్ట్స్‌ని ఏం చేశారు? అదే డిసెంబర్లో శాన్ డియేగోకి ట్రేడ్ చేశారు. అంత పెద్ద హీరోనే, పని అయ్యాక సెంటిమెంట్ పెట్టుకోకుండా పంపేశారు.

ఈ పిచ్చి మరీ ముదిరితే ఎలా ఉంటుందో 1974 ఓక్లండ్ ఏస్ చూపించింది లెండి, హెర్బ్ వాషింగ్టన్ అని స్ప్రింటర్‌ని తెచ్చి కేవలం పరిగెత్తడానికే పెట్టుకున్నారు. పెద్ద లీగ్‌లో 105 మ్యాచులు ఆడాడు, ఒక్కసారి కూడా బ్యాట్ పట్టలేదు. వరల్డ్ సిరీస్‌లో బేస్ వదిలి ముందుకొచ్చి నిలబడితే పిచర్ బంతి బేస్‌కి విసిరేశాడు, దొరికిపోయాడు కూడా.

సరే మన రెడ్స్‌కి వద్దాం. 2015లో 98 మ్యాచులు ఓడారు, 2016లో 94, 2017లో 94, 2018లో 95. ఇలాంటి టీంకి సీజన్‌కి ఒక గెలుపు అటో ఇటో ఎందుకు చెప్పండి. టీం మేనేజ్‌మెంట్‌కీ ఆ సంగతి తెలుసు, అందుకే 2015 జూలైలో జానీ క్వేటోని కాన్సస్ సిటీకి ఇచ్చేశారు (వాళ్ళు ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ కొట్టారు), డిసెంబర్లో టాడ్ ఫ్రేజియర్, అరోల్డిస్ చాప్‌మన్, 2016 ఆగస్టు మొదట్లో జే బ్రూస్. ఇంటిల్లిపాదినీ పంపేశారు, హామిల్టన్‌ని మాత్రం ఉంచుకున్నారు! ఎందుకంటే చీప్, కుర్రాడు, జనం ఇతన్ని చూడ్డానికి వస్తారు.

2016 చివర్లో అతని రేటు పీక్‌లో ఉంది, నా అంచనాలో. వయసు 26, ఆ ఏడాది రెండో సగంలో బ్యాటింగ్ కాస్త గాడిలో పడింది, 58 స్టీల్స్‌కి 8 సార్లే దొరికాడు, జీతం తక్కువ, కొనేవాళ్ళకి ఇంకో మూడేళ్ళు చేతిలో ఉంటాడు. "ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు, ఇంకా పైకి వెళ్తాడు" అని అవతలివాళ్ళని నమ్మించగలిగే టైం అదొక్కటే. రెడ్స్ ఏమో అవతలివాళ్ళకి చెప్పాల్సిన ఆ మాటని వాళ్ళే నమ్మేశారు. 2017 సీజన్ అయ్యాక శాన్ ఫ్రాన్సిస్కో జయింట్స్‌తో బేరాలు నడుస్తున్నాయని శీతాకాలమంతా వార్తలే వార్తలు, వాళ్ళకి సెంటర్ ఫీల్డర్ అర్జెంటుగా కావాలి, గ్రౌండ్ పెద్దది, అన్నీ కుదిరాయి, చివరికి ఏమీ జరగలేదు, జయింట్స్ జనవరిలో ఆస్టిన్ జాక్సన్‌ని తీసుకున్నారు. కొండంత రాగం తీసి అసలు పాటే పాడలేదు. 2018లో హామిల్టన్ జీతం 4.6 మిలియన్ డాలర్లు, స్టీల్స్ 34కి పడిపోయాయి, ఆన్‌బేస్ మళ్ళీ .299. నవంబర్ 30న కాంట్రాక్ట్ ఇవ్వకుండా వదిలేశారు, అంటే బదులుగా ఒక్క ప్లేయర్ కూడా రాలేదు, సున్నా. ఆ వారాల్లోనే కాన్సస్ సిటీ అతనికి ఏడాదికి 5.25 మిలియన్ ఇచ్చి తీసుకుంది, అంటే డబ్బులు పెట్టేవాళ్ళు ఉన్నారు, అడిగేవాడే ఆలస్యం చేశాడు.

ఇక్కడ పెద్దాయన తప్పకుండా ల్యూ బ్రాక్ పేరు తీస్తాడు. 1964 జూన్లో షికాగో కబ్స్ బ్రాక్‌ని ఎర్నీ బ్రోలియో అనే పిచర్ కోసం సెయింట్ లూయిస్‌కి ఇచ్చేసింది, అప్పటికి బ్రాక్ బ్యాటింగ్ యావరేజ్ .251 (ఇది ఆన్‌బేస్ కాదు, వాక్స్ కలపకుండా హిట్లు మాత్రమే చూసే లెక్క). అక్కడికెళ్ళి మిగతా సీజన్ .348 కొట్టాడు, ఆ ఏడాదే కార్డినల్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు, బ్రాక్ 938 స్టీల్స్‌తో హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళాడు, బ్రోలియో మోచేయి పోయి రెండేళ్ళలో అవుట్. ఫాస్ట్ ప్లేయర్‌ని అమ్మొద్దు అనేవాళ్ళందరికీ ఇది బ్రహ్మాస్త్రం. నిజమే, కానీ బ్రాక్ బంతిని గట్టిగా కొట్టగలడు, కుదురుకోలేదంతే. హామిల్టన్ నాలుగు పూర్తి సీజన్లు ఆడి తనేంటో చూపించేశాడు, ఇంకా ఏం దాగుంటుంది? ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

నాకు దగ్గరగా అనిపించేది డీ గోర్డన్ కేస్. 2014లో డాడ్జర్స్‌కి 64 స్టీల్స్, .289 బ్యాటింగ్, మంచి సీజన్, అయినా ఆ డిసెంబర్లోనే మయామీకి పంపేశారు. తర్వాతి ఏడాది గోర్డన్ .333 కొట్టి బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, అందరూ డాడ్జర్స్‌ని చూసి నవ్వారు. ఆ తర్వాతి ఏడాది డ్రగ్ టెస్ట్‌లో దొరికి 80 మ్యాచుల సస్పెన్షన్. డాడ్జర్స్‌కేమో ఆ ట్రేడ్‌లో కీకే హెర్నాండెజ్, ఆస్టిన్ బార్న్స్ వచ్చారు, అందులో వచ్చిన ఇంకో పిచర్ని వెంటనే ఇచ్చి హౌవీ కెండ్రిక్‌ని తెచ్చుకున్నారు. కీకే 2017లో కబ్స్ మీద ఒక్క మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టి టీంని వరల్డ్ సిరీస్‌కి పంపాడు. ఒక ఏడాది నవ్వించుకున్నా పర్లేదు, రేటున్నప్పుడు అమ్మడమంటే అది.

రూల్స్ మారాయి కదా ఇప్పుడు అని మీలో బేస్‌బాల్ చూసేవాళ్ళు అడగొచ్చు. 2023లో బేస్‌లు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, పిచర్ ఫస్ట్ బేస్‌కి ఊరికే విసిరి రన్నర్ని కట్టేయడానికి లిమిట్ పెట్టారు, దాంతో లీగ్ మొత్తం స్టీల్స్ 2022లో 2,486 ఉన్నవి ఒక్క దెబ్బకి 3,503 అయ్యాయి. ఈ రూల్స్‌లో హామిల్టన్ ఆడుంటే సెంచరీ కొట్టేవాడేమో, అది చూడాలని నాకూ ఆశే. కానీ స్టీల్ అందరికీ తేలికైతే దొంగతనం మాత్రమే వచ్చినవాడి రేటు పెరుగుతుందా తగ్గుతుందా? 2023లోనే ఓక్లండ్‌లో ఎస్టూరీ రూయిజ్ 67 స్టీల్స్‌తో అమెరికన్ లీగ్ రూకీ (మొదటి ఏడాది ఆటగాడి) రికార్డు కొట్టాడు, ఆన్‌బేస్ .309, టీం ఏమో 112 మ్యాచులు ఓడింది. 2025 ఏప్రిల్లో అతన్ని డాడ్జర్స్‌కి ఇచ్చేశారు, బదులుగా వచ్చింది ఒక మైనర్ లీగ్ పిచర్. రికార్డు కొట్టిన ఆ శీతాకాలంలోనే అమ్మితే ఇంకొంచెం ఎక్కువ వచ్చేదని నా డౌట్.

కాన్సస్ సిటీ తర్వాత హామిల్టన్ అట్లాంటా, మెట్స్, కబ్స్, వైట్ సాక్స్, మయామీ, మిన్నెసోటా అని తిరుగుతూనే గడిపాడు, ఎక్కువగా చివరి ఇన్నింగ్స్‌లో పరిగెత్తడానికీ ఫీల్డింగ్‌కీ. 2020లో జయింట్స్ దగ్గరికి కూడా చేరాడు పాపం, వాళ్ళు ఒక్క మ్యాచ్ కూడా ఆడించకుండా మెట్స్‌కి పంపేశారు. రెడ్స్‌లో ఇప్పుడు ఎల్లీ డి లా క్రూజ్ ఉన్నాడు, 2024లో 67 స్టీల్స్, దాంతో పాటు 25 హోమ్ రన్లు, అతన్ని ట్రేడ్ చేయమని నేనే కాదు ఎవరూ అనరు.

పెద్దాయనకి మొన్న ఈ లెక్కలన్నీ చెప్తే, "నువ్వు ఆ మొలీనా స్టీల్ స్టేడియంలో కూర్చుని చూళ్ళేదు" అన్నాడు. నిజమే, చూళ్ళేదు. అయినా 2016 నవంబర్లో ఎవరైనా ఇద్దరు కుర్ర పిచర్లని ఇస్తానంటే నేనైతే ఆ రోజే సంతకం పెట్టేవాణ్ణి.